దుప్పులకు జొన్నలు పోసిన ఏడాది

కరీంనగర్‌లో మా ఇంటికి అప్పుడప్పుడు అడవి శాఖలో కొత్తగా చేరినవాళ్లు వస్తుంటారు. పులి కథలు అడుగుతారు. నేను పులిని చూసింది మూడుసార్లు. మూడుసార్లూ అది వెళ్లిపోతుంటే వెనకనుంచి చూశాను. కాబట్టి ఆ సరుకు నా దగ్గర పెద్దగా లేదు. దుప్పుల సంగతి ఒకటి ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు. చెబితే, “అయితే అప్పుడు ఏం చేసి ఉండాల్సింది?” అని అడుగుతారు. నాకు తెలియదు. ఇన్నేళ్లు ఆలోచించినా తేలలేదు. తేలని సంగతిని తేలనట్టే రాసిపెడితే, రేపు అడవిలో నాలాగే తలపట్టుకు కూర్చునే వాడికి కనీసం తోడుగానైనా ఉంటుందని రాస్తున్నాను.

మొదటి తిట్లు

నిజాం పాలన పోయిన కొత్తలో ఆసిఫాబాద్ దగ్గర నౌకరీలో చేరాను. మాది జగిత్యాల వైపు. నా చదువంతా ఉర్దూలో సాగింది. చెట్ల పేర్లు అందంగా రాసేవాణ్ణి గానీ, చెట్టును చూపించి పేరు చెప్పమంటే నీళ్లు నమిలేవాణ్ణి. మా శాఖను జనం ‘జంగ్లాత్’ అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే కట్టెల మోపు కింద పడేసి పొదల్లోకి పరుగెత్తేవాళ్లు. మొదట్లో అది నాకు గౌరవంలాగే కనిపించింది.

నా మొదటి రేంజర్ ముసలాయన. రోజుకు అయిదుసార్లు నమాజు చేసేవాడు, పదిసార్లు నన్ను తిట్టేవాడు. ఒకరోజు గడ్డిలో ఒంటరిగా పడుకున్న దుప్పి పిల్ల కనిపిస్తే జాలిపడి, అంగీలో చుట్టి నాలుగు మైళ్లు మోసుకొచ్చాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

“తల్లి లేదు సాబ్. ఒక్కటే ఉంది.”

“తల్లి లేదా? నీకు కనపడలేదా? జర సోంచాయించి చెప్పు.”

దుప్పి తన పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుందనీ, అది పడుకున్నచోట కదలకుండా ఉండటమే దానికి కాపుదల అనీ ఆయన చెప్పాడు. మళ్లీ నాలుగు మైళ్లు నాతో నడిచాడు. పిల్లను ఆ గడ్డిలోనే పెట్టించాడు. తల్లి వస్తుందో రాదో చూద్దామని నేను చాటున కూర్చోబోతే చెయ్యి పట్టి లాగాడు.

“నువ్వున్నంతసేపు అది రాదు. నడువు.”

మర్నాడు వెళ్లి చూస్తే గడ్డిలో పిల్ల లేదు. తల్లి తీసుకుపోయిందా, చిరుత ఎత్తుకుపోయిందా అని అడిగాను.

“అది నీకు ఎన్నటికీ ఎర్క కాదు బేటా. గీ నౌకరీ గంతే,” అన్నాడు.

ఆ మాటకు అప్పుడు విసుక్కున్నాను. ఏదో ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

కరువు

పదిహేనేళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఫైళ్లలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నేను మంచిర్యాలకు పడమటి వైపు ఒక రేంజ్‌కు రేంజర్‌నయ్యాను. అప్పుడు వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి.

కరువు అడవిలోకి ఒక్కసారిగా రాదు. ముందు వాగులో పారకం ఆగింది. తర్వాత మడుగులు బురదయ్యాయి. మాఘమాసం దాటేసరికి ఆ బురద పెచ్చులు పెచ్చులుగా లేచింది. గడ్డి ఎక్కడా లేదు. చుక్కల దుప్పులు పట్టపగలే ఊళ్లమీద పడ్డాయి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కొన్నిటిని కుక్కలు తరిమి చంపాయి, కొన్ని మోటబావుల్లో పడ్డాయి. ఎర్రగుంటపల్లిలో ఒక బావిలోంచి రెంటిని తాళ్లేసి తీయించాను. ఒకటి ఒడ్డుకు రాగానే చనిపోయింది. రెండోది లేచి, మా అందరి మధ్యనుంచి నడుచుకుంటూ పోయింది. పరుగెత్తే శక్తి కూడా దానికి లేదు.

మా పెద్దాఫీసరు జీపులో వచ్చి చూశాడు. మంచివాడే. కాకపోతే ఏ మాటా రెండువైపులా పట్టుకోవడానికి వీలుగా చెప్పేవాడు.

“ఏదో ఒకటి మేపాలి,” అన్నాడు.

“గడ్డి ఎక్కడా లేదు సార్. పశువులకే లేదు.”

“తక్కువలో అయ్యేది చూడు. అవి చచ్చిపోతే మాత్రం నువ్వే జవాబు చెప్పాలి.”

తక్కువలో అయ్యేది ఏమిటి? అదే నా తలలో తిరుగుతుండగా మంచిర్యాలలో ఒక గింజల వ్యాపారి దగ్గర పురుగుపట్టిన జొన్నలు ఉన్నాయని తెలిసింది. మనుషులెవరూ కొనరు, తీసుకుపొమ్మన్నాడు. గడ్డికన్నా చవక, మోత సులువు, బలమైన తిండి. నా తెలివికి నేనే మురిసిపోయాను. బస్తాలు బండికెత్తించి తెచ్చాను. ఎండిన వాగు ఇసుకలో చెలిమలు తవ్వించి, నీళ్లు ఊరినచోట పక్కనే జొన్నలు కుప్పలుగా పోయించాను.

బండి ఊరి మీదుగా పోతున్నప్పుడు ఒకాయన అడ్డం వచ్చాడు. బస్తా చిల్లులోంచి రాలిన గింజలు నాలుగు అరచేతిలో వేసుకుని ఊదాడు.

“గివి దుప్పులకా సారూ?”

“పురుగు పట్టినవి. మనుషులకు పనికిరావు.”

“ఎవడు జెప్పిండు? కడుక్కొని, ఎండబోసుకొని తినేటోళ్లం ఉన్నం గదా.”

బండి ఆపలేదు. దుప్పులను బతికించడం నా పని, మనుషుల సంగతి చూడటానికి వేరే శాఖ ఉంది అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట తప్పని ఇప్పుడు అనాలనుంది. పూర్తిగా తప్పని అనలేకపోతున్నాను కూడా.

రాజవ్వ

మొదటి రెండు రోజులు దుప్పులు కుప్పలవైపు చూసి వెళ్లిపోయాయి. మూడోరోజు ఒకటి మూతి పెట్టింది. నాలుగోరోజు గుంపు గుంపంతా దిగింది. గట్టు మీదనుంచి చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిదోరోజు పొద్దున చౌకీదారు పోశెట్టి రొప్పుతూ వచ్చాడు. పోశెట్టి మాటకారి కాదు, పని చెబితే ఎందుకని అడగడు.

“సార్, చచ్చినయి. మస్తు చచ్చినయి.”

చెలిమల చుట్టూ ఏడు దుప్పులు పడి ఉన్నాయి. పొట్టలు డప్పుల్లా ఉబ్బాయి. ఇంకో నాలుగు తలలు వేలాడేసుకుని, పళ్లు నూరుతూ నిలబడలేక నిలబడ్డాయి. వాటి నోళ్లలోంచి పుల్లటి వాసన.

విషం పెట్టారనుకున్నాను. ఎవరు పెట్టారో కూడా వెంటనే తేల్చేసుకున్నాను. రాజవ్వ. ఎర్రగుంటపల్లిలో ఇరవై ముప్పై మేకలున్న మనిషి. అరవై ఏళ్లు ఉంటాయి. మొగుడు లేడు. వారం కిందటే ఆమె అడవిలో పచ్చికొమ్మలు కొడుతుంటే పట్టుకుని, కొడవలి లాక్కుని, మేకలను బందెలదొడ్లో పెట్టించాను. పగ ఉండదా?

పోశెట్టిని పంపి పిలిపించాను. మధ్యాహ్నందాకా ఆఫీసు వాకిట్లో ఎండలో కూర్చోబెట్టాను. రాసేటప్పుడు ఇది దాచాలనిపించింది. దాచడం లేదు. చివరికి ఆమెను చెలిమల దగ్గరికి తీసుకెళ్లి, “ఏం పెట్టినవో చెప్పు,” అని గద్దించాను.

ఆమె దుప్పుల మధ్యకు నడిచింది. ఒక దుప్పి దగ్గర కూర్చుని పొట్ట మీద వేళ్లతో కొట్టి చూసింది. మూతి వాసన చూసింది. తర్వాత కుప్పలకేసి చూసింది.

“గీ జొన్నలు ఎవలు పోసిన్రు?”

“నేనే.”

“అయితే నువ్వే సంపినవ్ సారూ.”

పోశెట్టి తల దించుకున్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె గొంతులో నింద లేదు, దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు చెప్పింది.

“ఆకలిగొన్న మేక గింజలమీద పడితె గిట్లనే ఉబ్బి సస్తది. చిన్న పోరగాండ్లకు గూడ ఎర్కే. ఆకు తినే కడుపది. దానికి గింజలు ఎట్ల అరుగుతయి?”

మంచిర్యాలనుంచి పశువుల డాక్టరును పిలిపించాను. ఆయన ఒకదాన్ని కోసి చూశాడు. పొట్టనిండా పులిసిపోయిన జొన్నలు. విషం జాడే లేదు. రాజవ్వ చెప్పిందే ఆయన పెద్ద మాటల్లో చెప్పాడు. తలలు వేలాడేసిన ఆ నాలుగింటిలో మూడు సాయంత్రానికి పోయాయి.

మర్నాడు రాజవ్వ కొడవలిని నేనే తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. మేకలను విడిపించానని చెప్పాను. క్షమించమనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆ రోజుల్లో ఒక రేంజర్ మేకలు కాసుకునే మనిషితో ఆ మాట అనడం నేను ఎక్కడా వినలేదు, ఎలా అనాలో తెలియలేదు. దానికి బదులు, “మరి ఏం పెట్టాలె?” అని అడిగాను.

ఆమె కొడవలి అంచును బొటనవేలితో చూసుకుంది.

“నువ్వు గుంజుకున్నవ్ గదా, గదే పెట్టాలె. కొమ్మ.”

కొమ్మ

అడవి అంతా ఎండినా కొన్ని చెట్లు ఎండలేదు. నారేపి, జువ్వి, చిందుగ. వాటి వేర్లు ఎక్కడికి పోతాయో గానీ మండువేసవిలోనూ ఆకు పచ్చగా ఉంటుంది. అయితే అది దుప్పి మూతికి అందని ఎత్తు. మేకలవాళ్లు తరతరాలుగా కరువులో చేసేది ఆ కొమ్మలను కిందికి దించడమే. మా శాఖ తరతరాలుగా చేసేది దానికి వాళ్లను పట్టుకోవడం.

రాజవ్వ చెప్పిన పద్ధతి ఇది. చెట్టును మొండిగా కొట్టొద్దు, ఒక్కో చెట్టుకు రెండు మూడు కొమ్మలే, చిగురు ఉన్న కొస వదిలిపెట్టాలి. కొమ్మలన్నీ ఒక్కచోట కుప్పేస్తే దుప్పులన్నీ అక్కడే చేరతాయి. “రేసుకుక్కలకు ఇస్తారాకు ఏసి పెట్టినట్టయితది,” అంది. రోజుకో తావులో, పలచగా వేయాలి. నేల రాలిన తుమ్మకాయలు ఏరి చల్లవచ్చు. పుట్టమట్టిలో ఇంత ఉప్పు కలిపి పెడితే నాకుతాయి.

“ఇప్పపువ్వు?” అని అడిగాను. రాలే కాలం వచ్చేసింది. దుప్పులకు అదంటే ప్రాణం.

“ఇప్పపువ్వు ముట్టకు,” అంది, మొదటిసారి గట్టిగా. “అది ఈ ఏడు మనుషుల తిండి.”

పచ్చికొమ్మ కొట్టడం నేరం. నేరం చేయడానికి అనుమతి ఎలా అడగాలి? మంచిర్యాల వెళ్లి పెద్దాఫీసరుకు నోటితోనే చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

“కొమ్మలు కొట్టించావని తెలిస్తే చర్య తీసుకోక తప్పదు. దుప్పులు చస్తే సంజాయిషీ అడగక తప్పదు.”

“అయితే ఏం చెయ్యమంటారు సార్?”

“నేను చెప్పాను కదా.”

ఏం చెప్పాడో బస్సులో తిరిగొస్తూ దారంతా ఆలోచించాను. కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట: పై అధికారి మాట అర్థం కాకపోతే తప్పు మీ బుర్రదేనని అనుకోకండి. కొన్ని మాటలను అర్థం కాకుండానే చెబుతారు.

కూలికి డబ్బు లేదు. రాజవ్వే దారి చూపింది. ఊళ్లో మేకలున్న ప్రతి ఇంటికీ ఆకు కావాలి. దుప్పులకు ఒక మోపు కొట్టినవాళ్లు తమ మేకలకు ఒక మోపు తీసుకుపోవచ్చు. నేను చూడనట్టు ఊరుకోవాలి. అంతే. మర్నాటికి ఇరవైమంది వచ్చారు. నెల కిందట నన్ను చూసి పొదల్లో దూరినవాళ్లే. దుప్పుల గుంపులు పెసరచేలు మేసిపోయాయని శాపనార్థాలు పెట్టినవాళ్లే, “గా బక్కది ఇయ్యాల వచ్చిందా?” అని ఒక్కో దుప్పిని ఆనవాళ్లతో అడగడం మొదలుపెట్టారు. మిగిలిన రెండు బస్తాల జొన్నలు ఎటుపోయాయని ఆఫీసు అడిగితే పురుగు తినేసిందని రాశాను. తిన్నది ఆ ఊరు. బాగా కడుక్కునే తిన్నారు.

పది పదిహేను రోజుల్లో దుప్పులకు అలవాటైపోయింది. గొడ్డలి చప్పుడు వినిపిస్తే చాలు, పొదల్లోంచి వచ్చి చెట్టుకింద తలలెత్తి నిలబడేవి. కొమ్మ నేలమీద పడకముందే ఆకు అందుకునేవి. రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“నీ దుప్పులు మేకలయినయి సారూ.”

నేనూ నవ్వాను. నా నౌకరీ మొత్తంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ లేవు.

మిరుగం కార్తె దాటాక వాన పడింది. మా వైపు గుంపులో చాలావరకు బతికి ఉన్నాయి. కొండకు అవతలి వైపు నీళ్లున్నచోట అసలు ఊరే లేదు, కొమ్మ కొట్టేవాళ్లు లేరు, అక్కడ మేం ఏమీ పెట్టలేదు. ఆ వైపు అన్నీ పోయి ఉంటాయనుకుంటూ వెళ్లి చూశాను. పచ్చికలో గుంపు మేస్తోంది. మా గుంపుకన్నా చిన్నదేం కాదు. బొమికలు కూడా మా వైపుకన్నా ఎక్కువేం కనిపించలేదు. మరి మేం బతికించింది ఎన్నింటిని? నేను జొన్నలతో చంపినవి పది, అది ఖాయం. కొమ్మలతో బతికించినవి ఎన్నో చెప్పమంటే ఒక్కదానిమీదా ప్రమాణం చేయలేను. రాజవ్వను అడిగాను.

“బతికినయి గదా. ఇంకేంది నీ ఫికర్?” అంది.

గొడ్డలి చప్పుడు

చలికాలం వచ్చింది. వేట పర్మిట్లు ఇచ్చే కాలం అది. పట్నం నుంచి నలుగురు వస్తున్నారు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, దగ్గరుండి చూపించమని పెద్దాఫీసరు కబురు చేశాడు. మర్యాదస్తులు. నాకు సిగరెట్టు ఇచ్చారు, పోశెట్టికి టీ ఇచ్చారు. మధ్యాహ్నందాకా తిరిగినా దుప్పులు కనిపించలేదు. అప్పటికి అడవి బాగా పెరిగింది. వాళ్లలో పెద్దాయన విసుగ్గా, “ఇక్కడ అసలు దుప్పులున్నాయా?” అన్నాడు.

“ఎందుకు లేవు సార్,” అన్నాడు పోశెట్టి. ఊరివాడి పౌరుషం. నడుముకున్న గొడ్డలి తీసి చిందుగ చెట్టు మొదలు మీద నాలుగు దెబ్బలు వేశాడు.

అవి వచ్చాయి. ఒకటి, రెండు, పది. పట్టపగలు, మాకు ముప్పై అడుగుల్లోకి. తలలెత్తి కొమ్మల్లోకి చూస్తున్నాయి. తుపాకులున్నాయని వాటికి తెలుసో లేదో తెలియదు. ఆకు పడుతుందని మాత్రం తెలుసు.

ఒక్క కేక వేస్తే చాలు, పారిపోయేవి. పర్మిటు ఉంది. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. పై అధికారి పంపిన మనుషులు. నేను నిలబడి ఉన్నాను, నోరు తెరుచుకోలేదు. తుపాకులు పేలాయి. మొదటి దెబ్బకు చెదిరినవి కూడా దూరం పోకుండా ఆగి వెనక్కి తిరిగి చూశాయి. మళ్లీ పేలాయి. పర్మిటులో ఎన్ని ఉన్నాయో అన్నే కొట్టారు, ఒక్కటి కూడా ఎక్కువ కాదు. నేరం ఎక్కడా జరగలేదు.

పోశెట్టి ఇంటిదాకా ఏడుస్తూనే నడిచాడు. “నేనే పిలిసిన సార్, నేనే పిలిసిన,” అన్నాడు. నువ్వు కాదు, మేమందరం నేర్పాం అన్నాను. దానివల్ల అతనికి ఓదార్పు కలగలేదు.

ఇంకా మూడు వేట జట్లు రావాల్సి ఉన్నాయి. గొడ్డలి సంగతి ఈపాటికి పట్నానికి చేరే ఉంటుంది. నాకు ఒక్కటే తోచింది. నేర్పినదాన్ని మాన్పించాలి. ఖాళీ కిరసనాయిలు డబ్బాలు పోగు చేయించాను. రోజూ పొద్దున చెట్టును గొడ్డలితో కొట్టడం, దుప్పులు రాగానే డబ్బాలు వాయించి, రాళ్లు రువ్వి తరమడం. సాయానికి రమ్మని రాజవ్వను అడిగాను.

“పెట్టిన చెయ్యితోని కొట్టుడా? నాతోని కాదు బిడ్డా,” అంది. సారూ అనకుండా బిడ్డా అనడం అదే మొదలు. “నీది తప్పని అంటలేను. నాతోని కాదు, గంతే.”

నేను, పోశెట్టి వెళ్లాం. మొదటి రోజు తరిమితే గంటలో మళ్లీ వచ్చాయి. రెండో రోజూ అంతే. కరువులో బక్కగా ఉండి ఊరంతా ఆనవాలు పట్టిన దుప్పి ఒకటి, వెనక పిల్లతో వచ్చింది. డబ్బా మోగితే బెదరలేదు. రాయి విసిరాను. డొక్కలో తగిలింది. పదడుగులు వేసి ఆగి, నావైపు తిరిగి చూసింది. ఇంకోటి విసిరాను. అప్పుడు పోయింది.

నాలుగు, అయిదు, ఆరు రోజులు. వచ్చేవి తగ్గాయి. తొమ్మిదో రోజు గొడ్డలి దెబ్బలకు అడవిలో ఆకు కూడా కదల్లేదు. చాలాసేపు చూశాం. పోశెట్టి డబ్బా కింద పెట్టి, ఆ వేట తర్వాత మొదటిసారి నవ్వాడు.

“ఇగ రావు సార్. అయిపోయింది.”

అతని చేతిలోంచి గొడ్డలి తీసుకుని నేను మళ్లీ చెట్టును కొట్టాను. ఆగి విన్నాను. మళ్లీ కొట్టాను.

“రాలేగదా సార్, ఇంకెందుకు కొడుతున్నరు?” అన్నాడు పోశెట్టి.

చెయ్యి ఆగలేదు. రావద్దనే కొడుతున్నాను, ఒక్కటైనా వస్తుందేమోనని పొదలవైపే చూస్తున్నాను.